ఎడారి నదికి నాడీపరీక్ష

నది యనగానే మనలో పెక్కుమందికి నిండు గోదావరి తలపునకు వచ్చును. రెండు గట్ల నొరసి పారు నీరు, పడవలు, స్నానఘట్టములు, పంటకాలువలు - ఇవి లేనిదానిని నది యనుటకు మనస్సొప్పదు. కాని రాయలసీమవారికి ఇంకొక విధమైన నది తెలియును. ఏడాదిలో పెక్కు నెలలు అందు కనబడునది ఇసుకయే. ఆ యిసుకలో చెలమ త్రవ్వినచో తియ్యని నీరూరును. ఏదో యొక రాత్రి ఎగువను ఉరుములు వినబడును. తెల్లవారుసరికి ఎఱ్ఱని నీరు గట్లనంటి పారుచుండును. నాలుగునాళ్లు గడచినపిదప మరల ఇసుకయే మిగులును. ఇట్టి నది ఆరోగ్యముగా నున్నదా, జబ్బుపడినదా యని యెవరైన నడిగినయెడల ఏమి చెప్పవలెను? నీరు కనబడుటయే ప్రాణమునకు గుర్తా? కనబడకపోవుటయే చావునకు గుర్తా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు అమెరికా దేశములో ఒక చిన్న యెడారి నదికి కొన్ని దశకములుగా నాడి చూచుచున్నారు. ఆ నది పేరు శాంటా క్రూజ్. స్పానిష్ భాషలో ఆ మాటకు పవిత్రమైన శిలువ యని యర్థము. ఆ నది యెట్లు జబ్బుపడెనో, జబ్బును కనిపెట్టుటకు ఏయే పరీక్షలు చేయుచున్నారో, ఏ చికిత్సవలన ఎంత గుణము కనబడెనో, ఇంకను ఏ యపాయము తొలగలేదో మేము ఇచ్చట వివరింపదలచితిమి.

అమెరికా సంయుక్తరాష్ట్రములకు నైరుతిమూలను, మెక్సికో సరిహద్దు నానుకొని, అరిజోనా రాష్ట్రము కలదు. దాని దక్షిణభాగము సొనోరా ఎడారిలోనిది. ఎడారి యనగా ఇసుకతిన్నెలు మాత్రమే యని తలపరాదు. ఇచ్చట రాతికొండలు, ముండ్లపొదలు, స్తంభములవలె నిలిచిన పెద్ద జెముడుచెట్లు ఉన్నవి. ఈ ప్రాంతమునకు పెద్దపట్టణము టూసాన్. ఏడాదికి అచ్చట కురియు వర్షము సగటున సుమారు 11 అంగుళములు. మన అనంతపురమున కురియుదానిలో ఇంచుమించు సగము. ఆ కొంచెమైనను రెండు పాళ్లుగా వచ్చును. చలికాలమున సన్నని జల్లులు కురియును. జులైనుండి సెప్టెంబరువరకు ఉరుములు మెఱుపులతో కుండపోత వానలు కురియును. ఈ వేసవి వానలను అచ్చటివారును మాన్సూన్ అనియే పిలుచుచుందురు.

ఈ నది నడక వింతయైనది. అరిజోనాలోనే శాన్ రఫేల్ లోయలోని పచ్చికబయళ్లలో పుట్టి, దక్షిణముగా మెక్సికోలో ప్రవేశించి, అచ్చట సుమారు 35 మైళ్లు సాగి, గుఱ్ఱపులాడమువలె వంపు తిరిగి, నొగాలెస్ పట్టణమునకు తూర్పున మరల అమెరికాలోనికి వచ్చును. అచ్చటినుండి ఉత్తరవాహినియై తుమకాకొరి, టుబాక్ అను ప్రాచీన గ్రామముల ప్రక్కగా పోయి, టూసాన్ నగరమును చేరి, పిమ్మట వాయవ్యముగా హీలా నదివైపు సాగును. మొత్తము పొడవు సుమారు 184 మైళ్లు. సరిహద్దును రెండుమార్లు దాటు ఈ నది యోగక్షేమములు ఏ యొక్క ప్రభుత్వము చేతిలోను లేవు. ఈ సంగతి ముందుముందు మనకు మరల తగులును.

ఈ నదీతీరమున మనుష్యులు నాలుగువేల యేండ్లనుండి సేద్యము చేయుచున్నారు. టూసాన్ పరిసరములలో పురాతత్త్వజ్ఞులు త్రవ్విచూడగా మూడువేల యేండ్లకు పూర్వపు కాలువలు బయల్పడినవి. ఓదమ్ అను ఆదివాసి జాతివారు ఈ నేలకు మొదటినుండి కాపురస్థులు. నల్లకొండ పాదమున ఉన్న చోటు అను నర్థమిచ్చు వారి మాటనుండియే టూసాన్ అను పేరు వచ్చినది. 1692లో కీనో అను క్రైస్తవ మతాచార్యుడు ఈ నదివెంట వచ్చి వారి పల్లెలను చూచెను. 1775లో ఆన్సా అను సేనాని టుబాక్‌నుండి వలసజనమును వెంటబెట్టుకొని, ఈ నది ప్రక్కనే నడచి, కాలిఫోర్నియాకు దారితీసెను. దారి పొడవునను నీరు నిరంతరము పారుచుండెనని కాదు. అప్పుడును కొన్నిచోట్ల నీరు పైకి వచ్చును, కొన్నిచోట్ల ఇసుకలో ఇంకును. రాతిపొర అడ్డుపడినచోట ఊటగా లేచును. లోతైన ఇసుక దొరికినచోట మాయమగును. అది ఎడారి నదికి సహజధర్మము, జబ్బు కాదు. నీరు పైకివచ్చినచోట పల్లెలు వెలసినవి. పల్లెలున్నచోట పొలములు పండినవి.

జబ్బు తరువాత వచ్చినది. 19వ శతాబ్ది చివర పశువుల మందలు మితిమీరి పెరిగి, కొండవాలుల గడ్డిని మేసివేసినవి. వాననీరు నిలువక ఒక్కపెట్టున నదిలోనికి దూకసాగెను. అదే కాలమున టూసాన్ దిగువను శామ్ హ్యూస్ అను వర్తకుడు, నేలలోని ఊటనీటిని పొలములకు మరల్చుటకై నదిలోనికి ఒక కందకము త్రవ్వించెను. 1890 ప్రాంతపు వరదలు ఆ కందకమును పట్టుకొని, దాని మొదటినుండి ఎగువకు నేలను కోసికొనిపోయినవి. వెడల్పుగా, లోతులేక, రెల్లుదుబ్బులమధ్య సాగుచుండిన యేరు నిట్టనిలువు గట్లుగల అగడ్తగా మారెను. ఏటి అడుగు దిగగా, ఇరుప్రక్కల నేలలోని నీటిమట్టమును దానితో దిగెను. ఇది మొదటి దెబ్బ.

రెండవ దెబ్బ పంపులది. ఇరువదవ శతాబ్దిలో నగరమును, పత్తిపొలములును, రాగిగనులును నేలలోని నీటిని తోడసాగినవి. వాన ఇంకించు నీటికంటె పంపు తోడునది మిక్కుటమయ్యెను. టూసాన్ నడుమ కొన్ని తావులలో నీటిమట్టము 200 అడుగులవరకు దిగిపోయినది. నగరమునకు దక్షిణమున శాన్ హావియేర్ దేవాలయపు చెంతను మెస్కీట్ చెట్ల మహావనమొకటి యుండెడిది. మెస్కీట్ అనునది మన జమ్మికిని, సర్కారుతుమ్మకును దగ్గరి చుట్టము. కొంత వంటచెరకునకు నరికిరి. మిగిలినదానికి వేళ్లకందునంత లోతున నీరు లేక పోయెను. వనము ఎండి నశించెను. 20వ శతాబ్ది నడిమికి టూసాన్ నగరములో శాంటా క్రూజ్ అనగా వరదరోజులందు తప్ప ఎండిన ఇసుకదారియే.

ఇట్లు ఎండిన నదిలో నీరు మరల కనబడినది. ఎక్కడనుండి? మురుగుకాలువలనుండి! నొగాలెస్ అను పేరుగల ఊళ్లు సరిహద్దున కిటునటు రెండున్నవి. ఒకటి అమెరికాలోనిది, రెండవది, బహుపెద్దది, మెక్సికోలోనిది. నేల వాలు ఉత్తరమునకుండుటచే రెండూళ్ల మురుగును అమెరికా వైపునకే పారును. కనుక ఉభయదేశముల సరిహద్దు జలసంఘము ఆధ్వర్యమున, రియో రికో వద్ద రెండింటికిని ఒకే శుద్ధికర్మాగారమున్నది. అందు శుద్ధియైన నీరు నదిలోనికి వదలబడును. మరికొంత దిగువను టూసాన్ నగరపు కర్మాగారములును అట్లే వదలుచున్నవి. నేడు వానలేని దినములందు ఈ నదిలో పారు నీటిలో పెక్కుభాగము ఇదియే. ఈ మాట విని ముక్కు మూసికొనవలసిన పనిలేదు. ఆ నీటిని నమ్ముకొని తుమకాకొరివద్ద కాటన్‌వుడ్ వృక్షములు, విల్లో చెట్లు మైళ్లకొలది పచ్చగా నిలిచినవి. ఎడారిపై ఎగిరివచ్చు పక్షులకు అది విడిదియైనది. కాని మురుగునుండి పుట్టిన నదికి ఆరోగ్యమున్నదని నోటిమాటగా చెప్పిన చాలదు. కొలిచి చూపవలెను.

కొలుచుపని మొదట ప్రభుత్వము చేతనే మొదలు కాలేదు. 1990 తరువాతి తొలి సంవత్సరములలో నదీతీరపు గ్రామస్థులు కొందరు శాంటా క్రూజ్ నదీమిత్రులను పేర ఒక సంఘముగా కూడి, నెలకొకమారు సీసాలను, పరీక్షపరికరములను పట్టుకొని నదిలో దిగసాగిరి. పిమ్మట సొనోరన్ ఇన్స్టిట్యూట్ అను సంస్థ శాస్త్రజ్ఞులను, ప్రభుత్వశాఖలను, ఈ స్వచ్ఛందసేవకులను ఒకచోట చేర్చి, 2008వ జలవత్సరము మొదలుగా నది ఆరోగ్యముపై నివేదికలు ప్రకటించుచు వచ్చినది. జలవత్సరమనగా అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30తో ముగియు సంవత్సరము. ఆ నివేదికల పేరును తెలుగు చేసిన ప్రాణమున్న నది యగును. మన భాషలో జీవనది యనగా ఏడాదిపొడుగున నీరు పారునది. వారు ప్రాణమునకు నీరొక్కదానినే కొలతగా తీసికొనలేదు. వైద్యుడు నాడిని, నాలుకను, కంటిరెప్పను వేరువేరుగ చూచి, తుదకన్నిటిని కలిపి రోగనిర్ణయము చేయునట్లు, నదికిని పలు పరీక్షలు పెట్టిరి.

మొదటి పరీక్ష నీటి దూరము. ఏడాదిలో మిక్కిలి గడ్డుకాలము జూన్ నెల. ఎండ 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటును, వానలింకను రావు. ఆ నెలలో నది వెంబడి పోయి, కర్మాగారము వదలిన నీరు ఎంతదూరము పైన పారి ఎచ్చట ఇసుకలో మునిగెనో గుర్తింతురు. ఆ హద్దు ఏటేట ముందుకు జరిగినదా, వెనుకకు జరిగినదా చూతురు. దీనితోబాటు ఒడ్డున దింపిన గొట్టపుబావులలో నీటిమట్టమెంత లోతున నున్నదో కొలుతురు. కాటన్‌వుడ్ చెట్టు ఎంత యెత్తుగ నున్నను దాని బ్రతుకు వేళ్లకందు నీటిమీదనే యున్నది. మట్టము కొన్ని యడుగులు చప్పున దిగెనా, మొదట కొమ్మల చివళ్లు ఎండును, పిమ్మట చెట్టే కూలును. పైని పచ్చదనము చూచి మోసపోవచ్చును. గొట్టపుబావి ముందే హెచ్చరించును.

రెండవ పరీక్ష నీటిలో కరగియుండు ఆక్సిజన్. చేపలును, పురుగులును ఆ వాయువునే పీల్చి బ్రతుకును. చల్లని నీటిలో అది ఎక్కువగా కరగును, వెచ్చని నీటిలో తక్కువగా కరగును. 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీటియందు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడును. 30 డిగ్రీలకు అది ఏడున్నర మాత్రమే. కావున ఎడారి నదికి పుట్టుకతోనే ఊపిరి తక్కువ. అందు కుళ్లు పదార్థము చేరినయెడల దానిని తిను సూక్ష్మజీవులు మిగిలిన వాయువును గూడ వాడుకొనును. మన చెరువులలో వేసవి తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకెత్తి తేలుట చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

మూడవది అమ్మోనియా. మానవుల మూత్రమునందలి నత్రజని తుదకు అమ్మోనియాగ మారును. అది కొద్దిపాటి యున్నను చేపల మొప్పలను పాడుచేయును. నీరు వెచ్చబడి, క్షారగుణము హెచ్చినకొలది దాని విషము పెరుగును. ఎడారిలో ఆ రెండును సామాన్యములే. నదిలోని కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగ మార్చును గాని ఆ పనికి అవి మరల ఆక్సిజన్‌నే ఖర్చుచేయును. ఇట్లు ఒక జబ్బు మరియొక జబ్బును తెచ్చును. వీనితోబాటు కాడ్మియమ్ మొదలగు లోహములు పరిశ్రమలనుండి వచ్చినవా యనియు, ఈ కోలై అను ప్రేగులయందలి సూక్ష్మజీవి ఎంత యున్నదనియు పరీక్షింతురు. ఈ కోలైలో పెక్కురకములు హానిలేనివే. కాని అది యున్నదనగా మలమేదియో నీటిలో కలిసినదని అర్థము. దాని వెంట ఇతర రోగబీజములును ఉండవచ్చును. పిల్లలు కాళ్లు తడుపుకొను నదికి ఇది ముఖ్యమైన పరీక్ష.

ఇంతవరకు చెప్పినవి సీసాలోని నీటికి చేయు పరీక్షలు. సీసా ముంచిన నిమిషమున నీరెట్లున్నదో అవి చెప్పును; నిన్నరాత్రి ఏమి పారెనో చెప్పజాలవు. అందుకే నాలుగవ పరీక్షకు పురుగులను సాక్షులుగ పిలుతురు. నదియడుగున రాళ్లక్రింద, బురదలో నివసించు పురుగులు నెలల తరబడి అచ్చటనే యుండును. ఒక్కరాత్రి విషము పారినను కొన్ని జాతులు మాయమగును. మేఫ్లై, కాడిస్‌ఫ్లై అను ఈగల పిల్లలు శుభ్రమైన నీటినే కోరును. ఎఱ్ఱని సన్నపు పురుగులు కొన్ని కలవు. వాని దేహమందు మన రక్తమునందువలెనే ఆక్సిజన్‌ను పట్టియుంచు పదార్థముండుటచే అవి మురికిలోను బ్రతుకగలవు. వలతో అడుగును గోకి, పళ్లెములో పోసి, ఏ జాతులు ఎన్ని యున్నవో లెక్కించినచో గడచిన కాలపు చరిత్ర తెలియును. ఎఱ్ఱపురుగులు మాత్రమే మిగిలినచో నీరు తేటగా మెఱయుచున్నను నమ్మరాదు.

ఐదవది చేపలు. ఇచ్చట మనకును ఆసక్తి కలిగించు కథ యొకటి కలదు. హీలా టాప్‌మిన్నో అను రెండంగుళములైన లేని చేప ఒకప్పుడు ఈ నదులలో ఎక్కడచూచినను ఉండెడిది. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును, దోమపిల్లలను తినును. నదులు ఎండుటచేతను, బయటినుండి తెచ్చి వదలిన గాంబూసియా అను చేప దాని పిల్లలను తిని, చోటాక్రమించుటచేతను అది క్షీణించెను. 1967లో అమెరికా ప్రభుత్వము దానిని అంతరించుచున్న జాతిగా ప్రకటించెను. గాంబూసియా మనమెరుగనిది కాదు. మలేరియా నివారణకై మన బావులలోను కుంటలలోను వదలునది ఆ జాతి చేపయే. ఒకచోట మందుగా పనిచేయునది మరియొకచోట రోగము కావచ్చును.

ఇక ఈ పరీక్షలవలన తెలిసినదేమి? 2005 ప్రాంతమున రియో రికో దిగువను నది నిండుగా పారుచుండగానే ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు ఎండి చావసాగినవి. పక్కన నీరున్నది, చెట్లు దాహముతో చచ్చుచున్నవి! మొదట ఎవరికిని అంతుబట్టలేదు. పిమ్మట నేలనుండి నీటినుండి చేసిన పరిశీలనలో కారణము బయల్పడెను. సరిగా శుద్ధికాని నీటిలో నత్రజని మొదలగు పోషకములు మెండుగా నుండెను. వానిని తిని నాచును సూక్ష్మజీవులును ఏటియడుగున దట్టమైన పొరగ పెరిగెను. ఆ పొర ఇసుకరంధ్రములను మూసివేయగా నీరు నేలలోనికి దిగక పైపైననే పారిపోయెను. వరదవచ్చిన సంవత్సరములందు ప్రవాహపుటురవడి ఆ పొరను గీకి కొట్టుకొనిపోవును. కాని వానలు తప్పిన యేండ్లలో పొర బలిసెను. క్రింది నీరు దిగెను. చెట్ల వేళ్లు ఎండెను. ఎడారి నదికి వరదయును ఒక ఔషధమే యని దీనివలన తేలినది. నీరు కనబడుటయే ఆరోగ్యమని తలచువారికి ఇదియే జవాబు.

చికిత్స 2009లో జరిగెను. నొగాలెస్ కర్మాగారమును తిరిగి నిర్మించి, నత్రజనిని తొలగించు ఏర్పాటుచేసిరి. గాలి పట్టించిన తొట్లలో ఒక తెగ సూక్ష్మజీవులచే అమ్మోనియాను నైట్రేటుగ మార్పించి, గాలి లేని తొట్లలో మరియొక తెగచే ఆ నైట్రేటును నత్రజనివాయువుగ మార్పించి, ఆకాశములోనికి వదలుటయే ఆ యేర్పాటు. నదిలో అమ్మోనియా తగ్గెను, ఆక్సిజన్ పెరిగెను, పురుగులలో జాతులు హెచ్చెను. 2015లో టాప్‌మిన్నో ఆ భాగమున మరల కనబడెను. దానినెవ్వరును తెచ్చి వదలలేదు. ఎగువ పాయలలో ఎచ్చటనో మిగిలిన కొద్దిపాటి చేపలు నీరు బాగుపడగనే దిగివచ్చినవి.

టూసాన్‌లోను 2013 ప్రాంతమున అట్టి మార్పే జరిగినది. పాత కర్మాగారమునకు మారుగ కొత్తది నిర్మించి, మరియొకదానిని పెంచి బాగుచేసిరి. చుట్టుప్రక్కలవారిని ఏండ్లతరబడి బాధించిన దుర్వాసన తగ్గెను. 2017లో టాప్‌మిన్నో టూసాన్ దగ్గర దొరికెను; అచ్చట అది కనబడక అప్పటికి డెబ్బదియేండ్లు దాటినది. అయితే ఒక వింత జరిగెను. నీరు శుభ్రపడినకొలది పైన పారు దూరము తగ్గెను! కర్మాగారము వదలుట తగ్గించెనా? లేదు. అడుగున అడ్డుపొర లేకపోవుటచే నీరు త్వరగా ఇంకసాగెను. పైనిదూరమొక్కటే కొలిచినవారు నది చిక్కిపోయినదని దుఃఖించియుందురు. అన్ని పరీక్షలను కలిపి చూచినవారికి, నేలలోనికి నీరు దిగుచున్నదనియు, జీవములు పెరుగుచున్నవనియు తెలిసెను. కాని దిగువను నీరందని చెట్లకును చేపలకును ఈ వాదముతో పనిలేదు. పొట్టియైన నదిలో చోటు తక్కువ. లాభనష్టములు రెండును నిజమే. వానిని దాచక వ్రాయుటయే ఆ నివేదికల విలువ.

2019వ సంవత్సరము జూన్ 24న టూసాన్ నగరము ఇంకొక యడుగు వేసెను. ఆ దినము అచ్చటివారికి శాన్ హువాన్ పండుగ. మన రైతులు మృగశిరకార్తెకై ఎదురుచూచునట్లు వారాదినమున వానాకాలమునకు స్వాగతము చెప్పుదురు. నగరము నడిబొడ్డునకు సమీపమున, దశాబ్దములుగ ఎండియున్న నదిలోనికి, శుద్ధిచేసిన నీటిని దినమునకు 28 లక్షల గాలన్లవరకు, అనగా సుమారు ఒక కోటి ఆరులక్షల లీటర్లు, వదలుట కారంభించిరి. కొద్దిగంటలలోనే తూనీగలు వచ్చి నీటిపై వ్రాలినవని అరిజోనా విశ్వవిద్యాలయ జీవశాస్త్రజ్ఞులు గుర్తించిరి. 2020లో టాప్‌మిన్నో చేపలను తెచ్చి అందు విడిచిరి. నది పేరు మాత్రమే వినియున్న పిల్లలు మొదటిసారి దాని ఒడ్డున నిలిచి నీటిని చూచిరి.

కథ ఇక్కడితో సుఖాంతమైనదని వ్రాయుటకు మాకును ఇష్టమే. కాని అసలు చిక్కు ఇప్పుడే మొదలగుచున్నది. ఈ నీరెవరిది? నొగాలెస్ మురుగులో పెక్కుపాలు మెక్సికో ప్రజలది. తమ నీటిని తామే వాడుకొందుమని వారనినయెడల తప్పుపట్టుట కవకాశము లేదు. వారిదియు ఎండిన దేశమే. 2012లో వారు లాస్ ఆలీసోస్ వద్ద సొంత శుద్ధికర్మాగారమును తెరచి కొంత మురుగును అటు మరల్చిరి. అంతమేరకు ఉత్తరముగ పారు నీరు తగ్గెను. సరిహద్దున కీవల ఆ నీటిపై బ్రతుకు కాటన్‌వుడ్ వనమునకు ఏ ఒడంబడికయందును వాటా వ్రాయబడలేదు.

టూసాన్ సంగతి చూతము. 1980లో అరిజోనా భూగర్భజలశాసనము చేసి పంపులకు పగ్గము వేసెను. కొలరాడో నదినుండి 336 మైళ్ల పొడవున కొండలెక్కించి తెచ్చిన కాలువనీరు 1992లో నగరమునకు చేరెను. 2001నుండి ఆ నీటిని ఇసుకమడుగులలో ఇంకించి, తిరిగి తోడుకొనుచున్నారు. నగరములోని పాతబావులకు విశ్రాంతి దొరకగా నడినగరమున నీటిమట్టము మెల్లగ లేవనారంభించెను. నదికిని అది శుభసూచకమే. కాని కొలరాడో నదియే ఇపుడు కరవుపాలైనది. 2021 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము చరిత్రలో మొదటిసారిగ ఆ నదిలో కొరతను ప్రకటించెను. 2022నుండి అరిజోనా వాటాలో కోత పడెను. పైనీరు తగ్గినకొలది శుద్ధిచేసిన మురుగునీటికి వెల పెరుగును. తోటలకు, ఆటమైదానములకు, తుదకు త్రాగుటకును దానినే మరల శుద్ధిచేసి వాడుదమను ఆలోచన ప్రబలమగును. అట్టి దినమున నదికి పాలెంత? 2024లో అమెరికన్ రివర్స్ అను సంస్థ తన దేశమున మిక్కిలి అపాయములోనున్న నదుల పట్టికలో శాంటా క్రూజ్‌ను నాలుగవదిగ చేర్చినది. చేపలు తిరిగివచ్చిన నదియే అపాయస్థితిలో నున్నదనుటలో విరోధము లేదు. రోగి కోలుకొనుచున్నాడు, మందు ఎన్నాళ్లు దొరకునో తెలియదు.

ఇందుచేతనే కొలత అవసరమైనది. నీటిపై హక్కు కోరువారందరును లెక్కలతో వత్తురు. రైతు ఎకరములు చెప్పును. నగరము ఇండ్లసంఖ్య చెప్పును. గనివాడు టన్నులు చెప్పును. నదికి నోరు లేదు. ఫలానా యేట నీరింతదూరము పారెను, ఇన్ని జాతుల పురుగులుండెను, ఈ చేప తిరిగివచ్చెను, మట్టమింత దిగినపుడు ఇన్ని చెట్లు చచ్చెను - ఇట్టి లెక్కలు వ్రాసిపెట్టినవారుండబట్టియే ఆ కూటములలో నదిపక్షమున మాటాడుటకు వీలగుచున్నది. ఆ లెక్కలు ఒక్కనాటితో సమకూడినవి కావు. ముప్పదియేండ్లకు పైగా నెలనెలా నీటిలో దిగిన సామాన్యులు వానిని సమకూర్చిరి.

మన పెన్నయొడ్డున, చిత్రావతియొడ్డున చెలమలు త్రవ్వెడి వృద్ధులను అడిగిచూడుడు. తమ చిన్ననాట ఎన్ని మూరలు త్రవ్వినచో నీరు పడెడిదో వారు తడుముకొనకుండ చెప్పుదురు. నేడెన్ని మూరలు త్రవ్వవలెనో అదియును చెప్పుదురు. ఆ రెండు సంఖ్యలమధ్య నున్నది నది ఆరోగ్యచరిత్ర. దానిని ఏటేట అదే చోట, అదే నెలలో కొలిచి, ఒక పుస్తకమున వ్రాసిపెట్టుటకు గొప్ప యంత్రములక్కరలేదు. ఒక బడిపంతులు, పదిమంది పిల్లలు, ముడులు వేసిన ఒక త్రాడు చాలును.